ఊరికే వచ్చినవాడి ఈల

గోదావరి డెల్టాలో ఎన్నికలు దాళ్వా, అంటే రెండో పంట, కోతల వెనకాలే వస్తాయి. ఇదేదో కాకతాళీయం అనుకునేవాళ్ళకి వ్యవసాయమూ తెలియదు, ప్రజాస్వామ్యమూ తెలియదు. ధాన్యం ఒబ్బిడి అయిపోతుంది, కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలి సార్వాకి, అంటే మొదటి పంటకి, నారుమళ్ళు పోసేదాకా చేతికి పని ఉండదు. సరిగ్గా ఆ సందులోనే సభలు మొదలవుతాయి. ఊడ్పులకి మనుషుల్ని తోలే మేస్త్రే సభలకీ తోలతాడు. అదే ట్రాక్టరు, అదే కూలీల ముఠా. ఇక్కడ నడుం వంచక్కర్లేదు, చెయ్యెత్తితే చాలు.

నేను మాత్రం ముఠా మనిషిని కాదు. నిఖార్సయిన అభిమానిని. 2024 మే 13న పోలింగు. దానికి రెండు వారాల ముందు అమలాపురం గడియార స్తంభం సెంటర్లో మా నాయకుడి సభ అనగానే కొబ్బరి దింపు వాయిదా వేశాను. కండువా ఇస్త్రీ చేయించాను. బైకులో పెట్రోలు లేక ట్రాక్టరెక్కాను. (పెట్రోలు టోకెన్లు నాకన్నా తక్కువ అభిమానం ఉన్నవాళ్ళకి అందాయి. పార్టీ అంతర్గత విషయం కాబట్టి ఇక్కడ రాయను.)

తొట్టి పెనంలా కాలుతోంది. నా పక్కన ఒక మామ్మ ఇంకేదో రంగు కండువాని నాలుగు మడతలేసి, కింద వేసుకుని కూర్చుంది.

"నీకెంత ఇస్తానన్నారు బాబూ?" అంది.

"నేను ఊరికే వచ్చాను మామ్మా."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "ఇంట్లో ఏమన్నా గొడవా?"

కాదని ఎంత చెప్పినా వినలేదు. నాకు కూలి ఎగ్గొట్టారని తేల్చుకుని, అంబాజీపేట దాటేలోపు నా తరఫున మేస్త్రిని నిలదీసింది. ఆయన నన్ను పక్కకి పిలిచి, చాలా మర్యాదగానే మందలించాడు. "ఆయ్, తప్పుగా అనుకోకండి. తవరిలా ఊరికే వచ్చేస్తే మాకు రేటు పడిపోద్దండి. రేపు ఇంకోళ్ళొచ్చి, ఊరికే వచ్చేవాళ్ళుండగా మీకెందుకయ్యా డబ్బులు అంటారు." ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది పార్టీ సేవ అనుకున్నాను. కూలీల పొట్ట కొట్టడమని ఆరోజే తెలిసింది.

సభ నాలుగింటికి. నాయకుడు వచ్చింది ఏడున్నరకి. ఇందులో ఆయన తప్పేమీ లేదు. 1982లో ఎన్టీఆర్ చైతన్య రథం ఎక్కినప్పటి నుంచీ మనకి వ్యాను మీద నిలబడినవాడే నాయకుడు. వ్యానుకి ఊరూరా దండలు అడ్డం. ఈలోగా ఎన్నికల సిబ్బంది మమ్మల్ని వీడియో తీశారు. అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలకి మించి ఖర్చు పెట్టకూడదు కాబట్టి, కుర్చీకి ఇంత, మజ్జిగకి ఇంత అని జిల్లాలో ముందే రేట్లు కట్టి, కనిపించినవన్నీ ఖాతాలో రాస్తారు. ఆ లెక్కన నేను కూర్చున్న కుర్చీకి ధర ఉంది, చేతిలో మజ్జిగ ప్యాకెట్టుకి ధర ఉంది, మెడలో కండువాకీ ఉంది. వీటి మధ్యలో ఉన్న నన్ను మాత్రం ఏ గడిలో రాసుకుంటారో తెలియలేదు. ముఠావాళ్ళకి బయటికి చెప్పని రేటైనా ఒకటుంది. నాకు అదీ లేదు.

నాయకుడు రాగానే క్రేను గజమాలని పైకి లేపింది. ఆపిల్ పళ్ళ దండ. కొబ్బరీ అరటీ తప్ప కన్నెత్తి చూస్తే ఇంకోటి కనపడని కోనసీమలో ఆపిల్ దండేమిటని అడక్కండి. పెరట్లో కాసేది వేస్తే ఏం మర్యాద? దండ ఆయన మెడ దాకా వెళ్ళిందో లేదో, జనం మీద పడి పీకేశారు. నాకూ ఒక పండు దొరికింది, స్టిక్కరుతో సహా. దళారీ లేకుండా నా చేతికి నేరుగా అందిన పథకం ఇప్పటిదాకా అదొక్కటే.

ఇక ప్రసంగం. ముందు కాటన్ దొరకి దండం. గోదావరి మీద ఆయన కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆయనకి ఇక్కడ ఓటు లేదు, అయినా ఆయన్ని తలుచుకోకుండా మమ్మల్ని ఓటడిగినవాణ్ణి నేను చూడలేదు. ఆ తర్వాత రైలు. కోటిపల్లి–నర్సాపురం లైను, 57 కిలోమీటర్లు, గోదావరి పాయలు గౌతమి మీదా వైనతేయ మీదా వశిష్ఠ మీదా మూడు వంతెనలు. 2000-01లో మంజూరైంది. అప్పుడు నేను నిక్కర్లో ఉన్నాను, ఇప్పుడు మా అబ్బాయి నిక్కర్లో ఉన్నాడు. స్తంభాలు లేచాయి, కాదనను. కానీ రైలు మాత్రం ఇప్పటిదాకా మైకులోనే నడిచింది. అందులో నేను ఎన్నిసార్లు నర్సాపురం వెళ్ళొచ్చానో లెక్కలేదు.

ఆ మాట రాగానే ఈల వెయ్యడం నా బాధ్యత. ఇంజను లేదు, పెట్టెలు లేవు, కూతైనా ఉండాలి కదా? రెండు వేళ్ళు నాలిక కింద పెట్టి ఊదితే గడియార స్తంభం మీద పావురాలు లేచిపోయాయి. నాయకుడు ఒక్క క్షణం ఆగి, నా వైపే చూసి చెయ్యూపాడు. మామ్మ మాత్రం అది తనకే అని ఇప్పటికీ అంటోంది.

తిరుగు ప్రయాణంలో మేస్త్రి బిర్యానీ పొట్లాలు లెక్కపెట్టి పంచాడు. ఊరికే వచ్చినవాడి పేరు లిస్టులో లేదు కాబట్టి నాకు రాలేదు. ఆపిల్ కొరుక్కుంటూ కూర్చున్నాను. కాసేపటికి ఆయనే దగ్గరికి జరిగి, తన పొట్లంలో సగం నా ముందు పెట్టాడు.

"రేపు ముమ్మిడివరంలో అవతలోళ్ళ మీటింగండి. తవరు కూడా రండి. ఊరికే వద్దు, అందరికన్నా ఓ వంద ఎక్కువే ఇప్పిస్తాను."

నాకు ఒళ్ళు మండింది. "అవతలోళ్ళ మీటింగుకి నేనెందుకొస్తానయ్యా?"

"అక్కడా రైలుందండి," అన్నాడు.