సవరణ: నాణెం మీద బొమ్మ రిజర్వు బ్యాంకు చేతిలో లేదు

అన్నమయ్య బొమ్మతో నాణెం రావాలని, అందుకు రిజర్వు బ్యాంకుకు అర్జీలు పెట్టమని పోయిన వారం రాశాను. నోటైనా నాణెమైనా దాని మీద ఏముండాలో రిజర్వు బ్యాంకే తేలుస్తుందని కూడా అన్నాను. అది తప్పు, చట్టం చూడకుండా రాశాను. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన చెప్పాక చట్టాలు తీసి చదివాను.

నాణేల సంగతి 2011 నాటి నాణేల చట్టంలో ఉంది. రూపం, బొమ్మ, ముద్రణ అన్నీ కేంద్ర ప్రభుత్వానివే, రిజర్వు బ్యాంకు వాటిని జనంలోకి పంపుతుంది, అంతే. 2023లో వచ్చిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం కూడా కేంద్రం తెచ్చిందే. నోట్లకు వేరే దారి. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 25వ సెక్షన్ ప్రకారం బ్యాంకు కేంద్ర బోర్డు సిఫార్సు చేస్తుంది, ఆమోదించేది కేంద్రం. రూపాయి నోటు మాత్రం ప్రభుత్వానిదే. దాని మీద గవర్నర్ సంతకం ఉండదు, ఆర్థిక కార్యదర్శి సంతకం ఉంటుంది.

ఇంకొకటి. కొత్త యాభై నోటు వెనక ఉన్న హంపి రాతి రథం విరూపాక్షాలయంలోది అన్నాను. కాదు, విఠలాలయంలోది. తిరుమల గుడిలోకి అడుగుపెట్టగానే ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడ్డ రాయలవారిని చూస్తూ పెరిగినవాణ్ణి, ఆయన హంపి విషయంలో పొరబడ్డందుకే నాకు ఎక్కువ బాధ.

అర్జీ ఇంకా పంపనివాళ్ళు కేంద్ర ఆర్థిక శాఖ పేరున రాయండి. పంపేసినవాళ్ళు దయచేసి మళ్ళీ ఒకటి అక్కడికి పెట్టండి.