లైకుల తర్వాత సంగతేంటి?
సోషల్ మీడియా, సుస్థిర సమాజం గురించి వచ్చిన ఒక వ్యాసం చదివి ఇది రాస్తున్నాను. సోషల్ మీడియా వల్ల సుస్థిర సమాజం (అంటే ప్రకృతిని పాడుచేయకుండా బతికే సమాజం) మీద జనంలో స్పృహ పెరుగుతోందని వ్యాసకర్త అన్నది నిజమే. కానీ స్పృహ దగ్గరే ఆగిపోయారు. 2019లో ట్రాష్‌ట్యాగ్ ఛాలెంజ్ చూశాం కదా, చెత్త ఏరి ముందూ వెనకా ఫొటోలు పెట్టారు. మంచిదే. మళ్లీ అక్కడే చెత్త పడకుండా చూసేదెవరు? నాకైతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా గీసి దిద్దగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు) పద్ధతి నచ్చుతుంది. 2010 జనవరిలో హైతీలో భూకంపం వస్తే, ఎక్కడెక్కడి వాలంటీర్లో ఉపగ్రహ చిత్రాలు చూసి రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్ వీధులను కొద్దిరోజుల్లోనే మ్యాపులోకి ఎక్కించారు. సహాయ బృందాలు ఆ మ్యాపు వాడుకున్నాయి. ఒకరు తప్పు గీస్తే ఇంకొకరు దిద్దుతారు, చేసిన పని అందరికీ మిగులుతుంది. అదే సోషల్ మీడియా ఫీడ్‌లో పెట్టిన పోస్టు మర్నాటికే అడుగున పడిపోతుంది (ఈ నా వ్యాఖ్య కూడా అంతే అనుకోండి). 2002 నుంచి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో తాము చూసిన పక్షుల లెక్కలు నమోదు చేస్తున్నవాళ్లదీ ఇదే దారి. వ్యాసంలో వీటి ఊసే లేదెందుకో!