లండన్ స్ఫింక్సు బెంచీకి ఒక విన్నపం

మహారాజశ్రీ విక్టోరియా ఎంబాంక్‌మెంట్ బెంచీ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. క్లియోపాత్రా సూది అని పిలిచే ఈజిప్టు రాతిస్తంభం దగ్గర, చేతులకి ఇనుప స్ఫింక్సులు తొడుక్కుని, గోడ మీదుగా థేమ్స్ కనిపించేలా మెట్టెక్కి తమరు 1870ల నుంచీ కొలువున్నారు. ఈజిప్టులో స్ఫింక్సంటే, సింహం ఒళ్ళూ మనిషి తలా ఉన్న ఆ బొమ్మ, గుడి దారికి కాపలా. లండన్‌లో దానికి దొరికిన ఉద్యోగం, వచ్చేపోయేవాళ్ళ మోచేతులు మొయ్యడం.

ఇక ఆ పక్కనున్న రాయి. క్రీ.పూ. 1450 ప్రాంతంలో ఈజిప్టు రాజు మూడో థట్‌మోస్ అక్కడి హెలియోపొలిస్ నగరంలో నిలబెట్టించాడు. రెండు శతాబ్దాల తర్వాత ఇంకో రాజు, రెండో రామ్సెస్, మిగిలిన జాగాలో తన గొప్పలు చెక్కించుకున్నాడు (మన శిలాఫలకాలు గుర్తొస్తే నా పూచీ లేదు). రోమన్లు అలెగ్జాండ్రియాకి ఈడ్చుకెళ్ళారు. 1819లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, బ్రిటన్‌కి ఇచ్చేశాడు. పుచ్చుకున్న సామ్రాజ్యం రవాణా ఖర్చు దగ్గర యాభై ఏళ్ళకు పైగా మీనమేషాలు లెక్కపెట్టింది. చివరికి ఎరాస్మస్ విల్సన్ అనే చర్మవ్యాధుల డాక్టరు దాదాపు 10,000 పౌన్లు సొంత డబ్బు పెట్టుకుంటే, ఇనుప గొట్టంలో బిగించి సముద్రం మీద లాక్కొచ్చారు. 1877 అక్టోబరులో బిస్కే అఖాతంలో తుపాను. ఆరుగురు నావికులు పోయారు. వాళ్ళ పేర్లు పీఠం మీదున్నాయి. చదవాలంటే తమ మీంచి లేవాలి గనక ఎవరూ చదవరు.

రాయికి అటూ ఇటూ తమ పెద్దన్నయ్యలు, కంచు స్ఫింక్సులు. తమనీ వాళ్ళనీ గీసిన చెయ్యి ఒకటే, జార్జి వల్లియామీ అనే ఆర్కిటెక్టుది. కాపలావాడు బయటికి చూడాలి కదా, వీళ్ళు రాయివైపే చూస్తుంటారు. తిప్పి పెట్టారని జనం నవ్వుతారు. నాకైతే సబబే అనిపిస్తుంది. ఇన్ని ఊళ్ళు మారిన రాయి మళ్ళీ ఎప్పుడు బయల్దేరుతుందో ఎవరికి తెలుసు, దాని మీదే ఓ కన్నేసి ఉంచాలి.

ఇంతమంది రాజులు చేతులు మార్చుకున్నా ఆ రాయి ఒక్క మనిషి కాళ్ళనొప్పి తీర్చలేదు. ఆ పుణ్యం తమదే.

అసలు విన్నపానికి వస్తాను. 1878లో రాయి నిలబెట్టినప్పుడు పీఠంలో కొన్ని వస్తువులు పెట్టి మూసేశారు: 12 మంది ఇంగ్లీషు అందగత్తెల ఫొటోలు, హెయిర్‌పిన్నులు, చుట్టలు, పాలసీసా, రైల్వే గైడు, వాటితోపాటు ఒక రూపాయి. ఆ రోజుల్లో రూపాయంటే నికరంగా తులం బరువు. తిరిగిమ్మని అడగను. ఈ ఊళ్ళో అలాంటివి అడిగినవాళ్ళ వరస చాలా పొడుగు. చక్రవడ్డీ కింద తమ మీద మావాళ్ళకి కాస్త చోటు ఉంచండి. ముఖ్యంగా వేసవిలో పిల్లల్ని చూడ్డానికొచ్చే అమ్మానాన్నలకి. వాళ్ళకి సూది చూడటం అయిదు నిమిషాల పని. తర్వాత గంటసేపు కూర్చుని, ఊళ్ళో ఎవరికి పెళ్ళి కుదిరిందో ఫోన్లో కనుక్కోవాలి.

ఇట్లు,
తులం వెండిలో వాటాదారు