నినాదాన్ని పక్కన పెట్టిన పాట

ఆగస్టు 15 పొద్దున్నే మా ఊరి హైస్కూల్లో మైక్‌సెట్ అబ్బాయి మొదట వేసేది ‘ఏ మేరే వతన్ కే లోగో’. హిందీ సరిగా రాని మేం జెండా దిమ్మె చుట్టూ ముగ్గులేస్తూ, ఓ కన్ను చాక్లెట్ల డబ్బా మీదే ఉంచి వినేవాళ్లం. అది మనం ఓడిన యుద్ధం తర్వాత పుట్టిన పాటని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

చైనాతో యుద్ధం 1962 నవంబర్‌లో ఆగింది. రెండు నెలలు తిరిగాక, 1963 జనవరి 27న ఢిల్లీ నేషనల్ స్టేడియంలో లతా మంగేష్కర్ ఈ పాట పాడారు. రాసింది కవి ప్రదీప్, బాణీ సి.రామచంద్ర. నెహ్రూ కంటతడి పెట్టారన్న ముచ్చట అందరికీ తెలిసిందే. నన్ను పట్టుకున్నది పాట ఎత్తుగడ. నినాదాలు గట్టిగా ఇవ్వండి, జెండా ఎగరేయండి అంటుంది. వెంటనే ‘కానీ’ అని ఆగుతుంది. అక్కడి నుంచి తిరిగిరాని వాళ్ల గోడే. దేశం దీపావళి చేసుకుంటుంటే వాళ్లు హోలీ ఆడారట, నెత్తుటితో. ఆ ఏడాది దీపావళి నిజంగానే యుద్ధం మధ్యలో వచ్చింది. ఒక్కొక్కరు పదేసి మందిని కూల్చారన్న గొప్ప ఒకచోట ఉంది గానీ, చైనా పేరు మాత్రం ఎక్కడా లేదు.

శత్రువు పేరు పెట్టడం ప్రదీప్‌కు తెలియక కాదు. 1943లో ‘కిస్మత్’ సినిమాకు రాసిన ‘దూర్ హటో’ (దూరంగా పొండి) పాటలో జర్మన్లను, జపాన్‌వాళ్లను పేరుపెట్టి మరీ అన్నారు. అది తమ యుద్ధానికి పనికొచ్చే పాటేనని తెల్లదొరల సెన్సార్ వదిలేసింది. పొమ్మంటున్నది ఎవర్నో హాల్లో కూర్చున్న జనానికి తెలుసు. అక్కడ శత్రువు పేరు ఒక ముసుగు. 1963 నాటికి ఆ అవసరం లేదు. పైగా ‘హిందీ-చీనీ భాయి భాయి’ అని అరిచి అరిచి, అదే సరిహద్దులో దెబ్బతిన్న దేశమిది. నినాదం మీద నమ్మకం పోయినచోట ఏడుపే నిజాయితీగా వినిపించి ఉంటుంది.

అన్నట్టు, చనిపోయినవాళ్లు సిక్కు, జాట్, మరాఠా, గూర్ఖా, మద్రాసీ అంటుంది పాట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఆరేళ్లు దాటింది. అయినా ఆ వరుసలో మనం ‘మద్రాసీ’లోనే సర్దుకోవాలి!

2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ నడిచిన ఆ నాలుగు రోజులూ ఫోన్ తెరిస్తే రీల్సే. క్షిపణి దృశ్యాలు, వెనక సినిమా డప్పులు. శ్రీసత్యసాయి జిల్లా జవాను ఒకరు అప్పుడే నేలకొరిగాడు. ఆ డప్పుల్లో అతని ఇంటి ఏడుపుకు చోటెక్కడిది?

ప్రదీప్ పాట చరిత్రలోనూ ఓ ముల్లుంది. రాయల్టీ యుద్ధ వితంతువుల నిధికి వెళ్లాలన్నది ఆయన కోరిక. ఆ నిధికి పది లక్షలు కట్టమని రికార్డింగ్ కంపెనీని బాంబే హైకోర్టు ఆదేశించేసరికి 2005 వచ్చింది. ప్రదీప్ పోయింది 1998లో.