ప్లాస్టిక్ తూకంతో బొమ్మ ధర తేలదు

చిన్న చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట వార్‌హామర్. దాని బొమ్మల ధర పెరిగిన ప్రతిసారీ ఒకే వాదన చేతులు మారుతూ ఉంటుంది. పెట్టెలోని ప్లాస్టిక్ విలువ కొన్ని పెన్నీలే కాబట్టి మిగిలినదంతా తయారీదారైన బ్రిటన్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ లాభమేనని, 1987లో పది పౌన్లకే ముప్పై మంది సైనికులు వచ్చేవారు కాబట్టి నేటి ధర పచ్చి దోపిడీ అని, త్రీడీ ప్రింటర్లు వచ్చేశాయి కాబట్టి ఈ ధరలు ఎలాగూ కుప్పకూలుతాయని దాని సారాంశం. ధరలు ఎక్కువన్న ఫిర్యాదుతో నాకు పేచీ లేదు. దానికి ఆసరాగా చూపే లెక్కలతోనే పేచీ.

ప్లాస్టిక్ చవకన్నది నిజమే. అయితే అసలు ఖర్చు పాలిస్టైరీన్‌లో కాదు, దానిని పోసే అచ్చులో ఉంది. భాగాలన్నీ అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి తెలుస్తుంది: ఛాతీ ముందు భాగం ఒక ముక్క, వీపు ఇంకో ముక్క, భుజాల మీది అంగీ మడతలు మరో రెండు ముక్కలు. రెండు ఉక్కు పలకల మధ్య కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నింపి, గట్టిపడ్డాక పలకలను తిన్నగా విడదీయాలి కాబట్టి, ఏ వంపూ అచ్చులో చిక్కుకోకుండా బొమ్మను ముందే ఆలోచించి ఇలా ముక్కలు చేయవలసి వస్తుంది. ఆ రూపకల్పనకూ ఉక్కును చెక్కడానికీ అయ్యే ఖర్చంతా మొదటి పెట్టె అమ్ముడుపోక ముందే పెట్టాలి. లెక్క కోసం దానిని లక్ష పౌన్లు అనుకుందాం. లక్ష పెట్టెలు అమ్ముడుపోతే ఒక్కోదాని మీద పడేది ఒక పౌను. పదివేలే పోతే పది పౌన్లు. ఒంటరి నాయకుడి బొమ్మ ధర ఇరవై పౌన్లు దాటుతుండగా, పదిమంది సైనికుల పెట్టె నలభై దగ్గర ఉండడానికి కొంత కారణం ఇక్కడే ఉంది: సేనకు నాయకుడు ఒక్కడు చాలు, సైనికుల పెట్టెలు మాత్రం రెండు మూడు కొంటారు. ప్లాస్టిక్‌ను తూచి చూసేవారికి ఈ తేడా ఎన్నటికీ అంతుపట్టదు.

మిగిలినదంతా లాభమేనన్న మాటా నిలవదు. బ్రిటన్‌లో 42 పౌన్లకు అమ్మే పెట్టెలో 20 శాతం వ్యాట్ కింద 7 పౌన్లు ఖజానాకు పోతాయి. వేరే వర్తకుడి దగ్గర కొంటే మిగిలిన 35లో ఆయన వాటా ఆయనకు పోతుంది; సొంత దుకాణంలో కొంటే అద్దె, జీతాలు కంపెనీయే భరించాలి, అలాంటి దుకాణాలు ప్రపంచమంతటా 500కు పైగా ఉన్నాయి. 2025 జూన్ 1తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో కంపెనీ ఆదాయం 617.5 మిలియన్ పౌన్లు, పన్నుకు ముందు లాభం 262.8 మిలియన్ పౌన్లు. అంటే వందకు దాదాపు 43. ఆ ఆదాయంలో 52.5 మిలియన్లు వీడియో గేముల వంటివాటిలో తమ పాత్రలను వాడుకోనిచ్చినందుకు వచ్చినవి, వాటికి ఖర్చు స్వల్పం. వాటిని పక్కన పెడితే బొమ్మల మీద మిగిలేది ఇంకాస్త తగ్గుతుంది. అయినా ఒక తయారీ సంస్థకు ఇది మామూలు లాభం కాదు. అసలు అంకే ఇంత ఘాటుగా ఉండగా దానిని పెంచి చెప్పవలసిన అవసరమేమిటో నాకు బోధపడదు.

1987 నాటి పోలికలో బలం ఉంది. ఈ ఆటలోని సైనికులైన స్పేస్ మెరైన్లు ముప్పై మంది ఉన్న పెట్టె అప్పట్లో 9.95 పౌన్లు, అంటే ఒక్కోటి 33 పెన్నీలు. అప్పటి నుంచి బ్రిటన్‌లో సాధారణ ధరలు, ఏ సూచీని బట్టి చూస్తామన్నదాన్ని అనుసరించి, మూడు నుంచి నాలుగు రెట్లు పెరిగాయి. ఆ లెక్కన నేడు ఒక్కో బొమ్మ పౌను పైచిలుకు ఉండాలి, కానీ నాలుగు పౌన్ల దాకా ఉంది. బొమ్మ పెద్దదైంది, చెక్కడంలో నైపుణ్యం పెరిగింది, అయినా ఈ తేడా అంతా దానితోనే తీరిపోదు. కంపెనీ కేంద్రమైన నాటింగ్‌హామ్‌లోనే ఉన్న పెర్రీ మినియేచర్స్, వార్‌లార్డ్ గేమ్స్ అదే రకపు గట్టి ప్లాస్టిక్‌లో చారిత్రక సైనికులను ఎంతో తక్కువకు అమ్ముతున్నాయి. కనుక ధరను నిర్ణయిస్తున్నది ఖర్చు ఒక్కటే కాదు, కొనేవాడు మరో చోటికి పోలేకపోవడం కూడా. ఏళ్ల తరబడి కూర్చుకున్న సేన, అదే ఆట ఆడే స్నేహితులు, సొంత బొమ్మలను తప్ప వేరేవాటిని అనుమతించని కంపెనీ దుకాణాలు, పోటీలు అతణ్ణి కట్టిపడేస్తాయి. దోపిడీ అని తిట్టి ఊరుకునేవారు ఈ కట్టును చూడరు. చూస్తే వారి వాదనే గట్టిపడేది.

త్రీడీ ప్రింటర్ల జోస్యం సంగతి చెప్పాలంటే, అది ఇప్పటికే పరీక్షకు నిలిచి ఓడింది. కాంతి తగిలితే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్ అయిన రెజిన్‌తో బొమ్మలు చేసే, ఇంట్లో వాడదగిన ప్రింటర్లు చవకై ఏళ్లు గడిచాయి. కంపెనీ ఆదాయం మాత్రం 2019లోని 256.6 మిలియన్ పౌన్ల నుంచి రెండింతలు దాటింది. అచ్చయిన బొమ్మను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడగాలి, అతినీలలోహిత కాంతిలో గట్టిపరచాలి, గట్టిపడని రెజిన్ చర్మానికి తగలకుండా గ్లవ్స్ వేసుకోవాలి, గదికి గాలి ఆడాలి. ఓపిక ఉన్నవారికి ఇది నిజంగా చవక, కాదనను. కానీ ఆదివారం మధ్యాహ్నం పెట్టె విప్పి ఆడుకోవాలనుకునేవారికి ఇది మరో వ్యాపకం అవుతుంది.

హైదరాబాద్‌లో కనిపించే ధరను చూపి కంపెనీ దురాశ అనేవారూ ఉన్నారు. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. కస్టమ్స్ వారు ఈ పెట్టెను బొమ్మల పద్దు కింద లెక్కిస్తే ఆ సుంకం, దానిపైన జీఎస్టీ కలిసి పడతాయి. అందులో ఒక్క రూపాయి కూడా నాటింగ్‌హామ్‌కు చేరదు.