ఫలాపేక్ష లేని ఫ్రేము గారికి

మా ఆఫీసు నాలుగో అంతస్తు మీటింగ్ రూమ్‌లో, ప్రొజెక్టర్ తెరకు కుడిపక్క వేలాడుతున్న గీతా శ్లోకం ఫ్రేము గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. అంటే అప్రైజల్ సీజన్ నడుస్తోంది గానీ లెటర్లు ఇంకా చేతికి రాలేదు. మీ క్షేమం గురించి అడగక్కర్లేదు. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు మీది. మీకు రేటింగ్ లేదు, టైమ్‌షీట్ లేదు, ఈఎంఐ అసలే లేదు.

మిమ్మల్ని తేరిపార చూసినవాళ్లు మా ఫ్లోర్‌లో తక్కువే కాబట్టి, మీరు ఎలా ఉంటారో నేనే చెబుతాను. బంగారు రంగు ప్లాస్టిక్ బీడింగు. లోపల తెల్లగుర్రాల రథం, గాండీవం జారవిడిచి కూలబడ్డ అర్జునుడు, పగ్గాలు పట్టుకుని వెనక్కి తిరిగి మాట్లాడుతున్న కృష్ణుడు. కింద 'కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన'. గాజు మీద ఎవరో గెస్ట్ వైఫై పాస్‌వర్డ్ చీటీ అతికించారు. అది సరిగ్గా అర్జునుడి మొహం మీద పడింది. ఆయన ఏడుస్తున్నాడో లేదో మాకు తెలీదు, పాస్‌వర్డ్ మాత్రం తెలుసు.

మీ మీద నాకు పగ ఏమీ లేదు. మీ చేత దొంగసాక్ష్యం చెప్పిస్తున్నారనే నా బాధ. మొన్న మా టీమ్ అమ్మాయి సంగతే చూడండి. శని, ఆదివారాలు కూడా కూర్చుని రిలీజ్‌ను ఒడ్డున పడేసింది. రేటింగ్ 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్', అంటే మధ్యరకం, అన్నారు. ఎందుకలా అని అడిగితే మా మేనేజర్ గారు కుర్చీ వెనక్కి వాల్చి, బొటనవేలితో మిమ్మల్ని చూపించి, "చూడు తల్లీ, మన పని మనం చేసుకుంటూ పోవాలి. ఫలితం గురించి ఆలోచిస్తేనే టెన్షన్. గీతలో ఏం చెప్పాడు?" అన్నారట. గాజు తలుపు ఇవతల నుంచి నాకు బొటనవేలు మాత్రమే కనబడింది. మాటలు ఆ పిల్ల లంచ్‌లో చెప్పింది.

అదే గదిలో, అదే కుర్చీలో, అరగంట తర్వాత ఆయనే క్లయింటు కంపెనీతో ఫోన్‌లో ఉన్నారు. ఇన్‌వాయిస్ పంపి ముప్ఫై రోజులు దాటినా డబ్బు పడలేదట. ఆ గొంతు లిఫ్టు దాకా వినబడింది. మీ పక్కనున్న తెర మీద క్వార్టర్ రెవెన్యూ బొమ్మ ఎర్రబాణంతో మెరుస్తోంది. అప్పుడు మాత్రం ఆయన బొటనవేలు మీ వైపు తిరగలేదు.

ఇంతకీ ఆ అమ్మాయి రేటింగ్ ఆ గదిలో తేలింది కాదు. బెల్ కర్వ్ అని ఒకటుంది, ఉద్యోగులను ముందే పెట్టుకున్న శాతాల ప్రకారం మెట్లుగా విడగొట్టే పద్ధతి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి 1981లో అధిపతిగా వచ్చిన జాక్ వెల్చ్ దీనికి ఊరూరా పేరు తెచ్చాడు. పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10. అందరూ ప్రాణం పెట్టి పనిచేసినా అడుగున ఎవరో ఒకరు ఉండి తీరాలి. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతినే 2013లో వదిలేసింది. మన దగ్గర మాత్రం పేరు మార్చుకుని బతికేస్తోంది. పని మొదలవ్వకముందే ఫలాలు వాటాలేసి పెట్టి, పని చేసినవాళ్లకు ఫలాపేక్ష వద్దని చెప్పడం ఎంత సులువో చూడండి!

అసలు ఆ మాట ఎప్పుడు, ఎవరు, ఎవరితో అన్నారో మీకు తెలుసు కదా? ఆ సంగతి మీ మీద ఎందుకు అచ్చు వేయలేదు? చోటు లేకనా? సగం శ్లోకం పట్టిన చోట మిగతా సగం పట్టదా?

కృష్ణుడు ఎత్తుకోవడమే ఫలం ఆశించకు అని ఎత్తుకోలేదు. ముందు రాయబారానికి వెళ్లాడు. ఉద్యోగ పర్వం అంతా ఆ బేరమే. పాండవుల వాటా పాండవులకు ఇవ్వండి, సగం రాజ్యం కాకపోతే ఐదూళ్లైనా ఇవ్వండి అన్నాడు. సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనని అవతలివాడు అన్నాకే యుద్ధం. మా ఊళ్లో జాతరకి రాత్రంతా మైకులో మోగే పద్యాలన్నీ ఈ రాయబారానివే. ముసలీ ముతకా అందరికీ నోటికి వచ్చు. హక్కుగా రావాల్సింది ముందు అడగాలని, అడగడానికి ఒక పెద్దమనిషి వెంట ఉండాలని ఆ పద్యాలు విన్న పాలేరుకి కూడా తెలుసు. మా హెచ్‌ఆర్ వాళ్లు మాత్రం రాయబారం ఎత్తేసి నేరుగా గీతకు వచ్చేశారు.

పోనీ గీతకే వద్దాం. మీ మీదున్నది రెండో అధ్యాయం 47వ శ్లోకం. సరిగ్గా పది శ్లోకాల ముందు, 37లో, ఆ కృష్ణుడే ఏమన్నాడు? 'హతో వా ప్రాప్స్యసి స్వర్గం జిత్వా వా భోక్ష్యసే మహీమ్'. చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం. ఇంతకన్నా స్పష్టమైన ఆఫర్ లెటర్ నేను చూడలేదు. ఫిక్స్‌డ్ ఎంతో, వేరియబుల్ ఎంతో ముందే చెప్పేశాడు. మా వేరియబుల్ పే మాత్రం కంపెనీ పనితీరు మీద, మార్కెట్ మీద, ఇంకా ఎవరికీ అర్థంకాని ఏదో దాని మీద ఆధారపడుతుందట.

ఇంకో సంగతి. ఆ మాట చెప్పినవాడు ఎక్కడ కూర్చున్నాడు? అదే రథం మీద, అర్జునుడికంటే ముందు, బాణాలు తగిలే చోట. చేతిలో ఆయుధం లేదు, చేసేది డ్రైవరు పని. మూడో అధ్యాయంలో తనే చెప్పుకున్నాడు, మూడు లోకాల్లో నేను పొందాల్సింది ఏదీ లేదు, అయినా పని చేస్తూనే ఉన్నాను అని. ఆ మాట అనగలిగినవాడు నిష్కామ కర్మ బోధిస్తే వింటాం. మా పైవాళ్లకు పొందాల్సిన స్టాక్ ఆప్షన్లు ఏ నెలలో చేతికొస్తాయో నోటి లెక్క.

అర్జునుడు కూడా తలూపుతూ కూర్చున్నవాడు కాదు. మూడో అధ్యాయం మొదట్లోనే, కలగాపులగంగా మాట్లాడి నా బుద్ధిని తికమక పెడుతున్నావ్, ఏదో ఒకటి తేల్చి చెప్పు అని మొహానే అనేశాడు. పైవాళ్లు ఉద్యోగులందరితో పెట్టే మా టౌన్‌హాల్ మీటింగ్‌లో ఈ ప్రశ్న అడిగి చూడమనండి. "మంచి ప్రశ్న, ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అంటారు. ఆ ఆఫ్‌లైన్ అనే ఊరికి దారి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు దాన్ని 90 చేశారు, ఆదివారాలు కూడా కలుపుకుని. వేలంపాటలో పెరిగినట్టు పెరుగుతోంది. ఆరో అధ్యాయం 17వ శ్లోకంలో తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ అన్నీ తగుమాత్రంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని ఉంది. అది ఏ మీటింగ్ రూమ్‌లో వేలాడుతోందో మీకేమైనా సమాచారం ఉంటే తెలియజేయగలరు.

ఈ మధ్య మీకు పోటీ కూడా వచ్చింది. వెల్‌నెస్ వీక్ పేరుతో స్టోయిక్ సూక్తులు, అంటే ప్రాచీన గ్రీకు, రోమన్ తాత్వికుల మాటలు, మెయిల్‌లో వస్తున్నాయి. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో తెలుసుకోమని ఎపిక్టెటస్ చెప్పాడని పంపారు. నిజమే, చెప్పాడు. ఆయన రోమ్‌లో బానిసగా బతికినవాడు. ఆయన మాటలను తర్వాత చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ శ్రద్ధగా చదువుకుని తనకు తాను చెప్పుకున్నాడు. బానిస మాట చక్రవర్తి నేర్చుకున్న కాలం అది. ఇప్పుడు చక్రవర్తులు దాన్ని డిజైన్ చేయించి బానిసలకు బల్క్ మెయిల్ కొడుతున్నారు. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కే వీలు కూడా లేదు.

మీ బంధువులు మా ఆఫీసులోనే కాదు, అంతటా ఉన్నారు లెండి. మా మేనల్లుడు చదివే ఇంటర్ కాలేజీ రిసెప్షన్‌లో మీలాంటి ఫ్రేమే ఉంది. దాని పక్కనే ర్యాంకుల ఫ్లెక్సీ: ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు. ఏ ఫలాన్ని ఆశించకూడదో పిల్లలకు తెలియాలని పెట్టి ఉంటారు.

మీ పద్దెనిమిదో అధ్యాయం 63వ శ్లోకం నాకు చాలా ఇష్టం. అంతా చెప్పి, విశ్వరూపం కూడా చూపించి, చివరికి దేవుడు ఏమన్నాడు? ఇదంతా పూర్తిగా ఆలోచించుకో, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి: 'యథేచ్ఛసి తథా కురు'. అంత పైవాడు కూడా చివరి నిర్ణయం ఎదుటివాడికే వదిలేశాడు. మాకు వర్క్ ఫ్రమ్ హోమ్ కావాలంటే మూడు అప్రూవల్స్.

అందుకే మిమ్మల్ని దించేయాలని నేను అనడం లేదు. పై అంతస్తుకు బదిలీ చేయించాలని ప్రయత్నం మొదలుపెట్టాను. డైరెక్టర్ల బోర్డు కూర్చునే గదిలో, పెద్దాయన కుర్చీకి ఎదురుగా, డివిడెండ్ లెక్కలు చూసేటప్పుడు తలెత్తితే మీరే కనబడాలి. ఆఫీసు సామాను చూసే ఫెసిలిటీస్ వాళ్లకు టికెట్, అంటే ఆన్‌లైన్ అర్జీ, పెట్టాను. 'బిజినెస్ ఇంపాక్ట్' అనే గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదట. చాలాసేపు ఆలోచించి 'ఫలాపేక్ష లేదు' అని రాశాను. ప్రయారిటీ 'లో' అని పడింది. మా మేనేజర్ గారి అప్రూవల్ కోసం పెండింగ్‌లో ఉంది.

ఇట్లు,
మీ ఎదురు కుర్చీ,
ఎంప్లాయీ ఐడీ అడిగితే చెబుతాను