శత్రువు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాడు, కాస్త పీడీఎఫ్ చేయించండి

కృత్రిమ మేధ యుద్ధాల మీద కర్నూలులో సదస్సు పెడితే ఫ్లెక్సీ మీద ఎర్రకళ్ల రోబో ఉండి తీరాలి. జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పేసరికి పదకొండున్నర. అప్పుడు ముఖ్య వక్తగారి ఫైలు హాలు ల్యాప్‌టాప్‌లో తెరుచుకోదు. "అబ్బీ, కలెక్టరేట్ కాడ జిరాక్స్ అంగట్లో పీడీఎఫ్ చేపిచ్చుకొని రాపో!"

ఆ అంగడి కంప్యూటర్‌ది ధర్మసత్రం మనసు. పొద్దున్నుంచి హాల్‌టికెట్లు, ఈసీలు, పెళ్లి పత్రికలు, ఎవరి వైరస్‌నూ కాదనలేదు. పెన్‌డ్రైవ్ తిరిగొచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చుంటాయి. అసలువి లోపలే దాక్కుంటాయి. నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరసూ నడుస్తుంది. వక్తగారు నొక్కుతారు. తెర మీద మొదటి స్లైడ్: 'శత్రువు గుమ్మంలోనే ఉన్నాడు'. చప్పట్లు. రేపు ఆ ల్యాప్‌టాప్ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంటుంది.

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్‌కు నొక్కే శ్రమ కూడా అక్కర్లేదు. ఫోల్డర్ తెరిచి షార్ట్‌కట్ బొమ్మ కనబడితే చాలు. ఇరాన్‌లో నతాంజ్ అణు కేంద్రంలో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజుల వేగాన్ని తారుమారు చేస్తూ, ఆపరేటర్లకు మాత్రం ముందే రికార్డు చేసిన మామూలు అంకెలే చూపించింది. కొండారెడ్డి బురుజుకు ఎంత గోడ కట్టినా కింద గద్వాల దాకా సొరంగముందంటారు కదా, మన సొరంగం పదహారు జీబీ పెన్‌డ్రైవ్.

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు హ్యాకర్లు కరెంటు తీసేశారు. దారి ఏమిటంటే, అంతకు నెలల ముందు మెయిల్లో వచ్చిన ఆఫీసు ఫైలు, 'మాక్రోలు (ఫైల్లో దాగిన చిన్న ప్రోగ్రాములు) ఆన్ చేయండి' అన్న మర్యాద. ఆపరేటర్ల కళ్లముందే మౌస్ తనంతట తాను కదిలి బ్రేకర్లు తెరిచింది, అంటే లైన్లు ఆపేసింది. కరెంటు కంపెనీ కాల్ సెంటర్‌ను దొంగ కాల్స్‌తో నింపేశారు. కృత్రిమ మేధ దీనికి ఇప్పుడు చేర్చిందేమిటంటే, ఆ మెయిల్‌ను తప్పుల్లేని తెలుగులో రాస్తుంది, ఏఈ సారు గొంతుతో 'ఆ ఫీడర్ ఆపు' అని ఫోన్ చేస్తుంది. విరుగుడు? ఫోన్ పెట్టేసి, రిజిస్టర్లో ఉన్న నంబరుకు మనమే చేయడం. స్లైడ్లలో ఇది ఉండదు, రోబో ఉంటుంది.

ఉక్రెయిన్‌లో కొన్ని గంటల్లోనే కరెంటు వచ్చింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు పోయి బ్రేకర్లు చేత్తో వేశారు కాబట్టి. ఆ చెయ్యి మన దగ్గర ఎవరిది? కాంట్రాక్టు షిఫ్ట్ ఆపరేటర్‌ది. ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కని గొప్పలు పోతారు, ఆ పని చేతికి తెలిసిన మనిషిని మాత్రం ఏళ్ల తరబడి 'కాంట్రాక్టు' అనే వాడుకుంటారు. సిగ్గుండాలి! ఏదన్నా జరిగితే మొదట ఇంటికి పంపేదీ అతన్నే.

సదస్సుకు అతన్ని పిలవలేదు. రోబో మాట్లాడేటప్పుడు హాల్లో కరెంటు పోకుండా చూసుకోమని మాత్రం ఫోన్ చేశారు.